ముందు గుమ్మం నుంచే

మేడల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లకి ఒక బెడద ఉంది. కలకత్తా దుమ్మూ, కాకి రెట్టలూ పేరుకున్నాయంటే కరెంటు తగ్గిపోతుంది. కడిగిపెట్టే మనిషి మాత్రం చచ్చినా దొరకడు. ఇటు చూస్తే టికియాపారా బస్తీలోని తెలుగువాళ్లలో పని కోసం కాచుక్కూచున్న మగాళ్లు బోలెడుమంది. ఈ ఇద్దర్నీ కలిపితే వ్యాపారమే కదా అని పుష్పరాణికి తట్టింది. ఫోనే ఆవిడ ఆఫీసు. ఇళ్లవాళ్లు అందులో అడుగుతారు, ఆవిడ మనిషిని పంపుతుంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మహాతల్లి ఒక షరతు పెట్టింది. తన మనుషులు ముందు గుమ్మంలోంచే వస్తారట, ఇంట్లో మెట్లెక్కే మేడ మీదికి వెళ్తారట. పాత కలకత్తా ఇళ్లకి వెనక సందులో ఇనప చుట్టుమెట్లుంటాయి. పాకీ పనివాళ్లు ఇంట్లో అడుగు పెట్టకుండా పోవడానికి కట్టించినవి. వాటి మీద తనవాళ్లెవరూ కాలు మోపకూడదని ఆవిడ పంతం. ఆ మాట వినగానే కొందరు ఫోను పెట్టేశారు. పెట్టెయ్యనీ, వాళ్ల ఖర్మ!

"ఏటమ్మా ఈ మొండితనం? ఏ మెట్లయితే ఏటి, పని ముక్యం గానీ," అన్నాడు మామ మరియదాసు. కార్పొరేషన్లో చీపురు పట్టి రిటైరైన మనిషి.

"కాదు మాఁవా. ఇక్కడ తలొంచితే ఇంక లెగలేం," అంది పుష్పరాణి.

చివరికి భవానీపూర్లో ఘోషాల్ అనే పెద్దావిడ సరేనంది. మొదటి బేరం. అది కుదిరితే షరతు నిలుస్తుంది, లేకపోతే దాన్ని వదులుకోవాల్సిందే. అందుకే పుష్పరాణి నమ్మకస్తుడని మామనే తీసుకుని బయల్దేరింది. బస్సు దిగాక ఆవిడ సబ్బు కొనడానికి కొట్టు దగ్గర ఆగింది. బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆయన ముందు నడిచాడు.

తీరా పుష్పరాణి వెళ్లేసరికి పెద్దావిడ గుమ్మంలో చిరాగ్గా నిలబడి ఉంది.

"పొద్దుటి నుంచీ తలుపు తీసి కూర్చున్నాను. మీ మనిషేడీ?" అంది బెంగాలీలో.

అంతలో మేడ మీంచి నీళ్ల చప్పుడు వినిపించింది. అంటే వెనక చుట్టుమెట్లెక్కి పోయాడన్నమాట! పరువు తీసింది పరాయివాడు కాదు, సొంత మామే. ఒళ్లు మండిపోతూ లోపలి మెట్లెక్కింది. రొప్పుతూ వెనకే పెద్దావిడ కూడా వచ్చింది.

"ఎలగొచ్చావు మాఁవా?"

మరియదాసు బ్రష్షు దించాడు. "కాళ్లే లాక్కొచ్చీసినాయమ్మా. ఏళ్ల తరబడి ఈ సందే నాది. ఈ ఇంటికి ముందు గుమ్మం ఏపక్కనున్నాదో నానెప్పుడూ సూడ్లేదు."

పుష్పరాణి కోపమంతా ఎటో పోయింది. ఆయన మాటలు తెలుగే అయినా, ఆయన చెయ్యి సందు వైపు చూపడం చూసి పెద్దావిడకి సంగతి అర్థమైంది.

"దాదా, షరతు మీదే. తప్పితే నేనొప్పుకోను," అంది, ఆయన్ని అన్నయ్య వరసలో పిలుస్తూ. "కిందికి దిగి, మళ్లీ సరిగ్గా రండి."

మరియదాసు లోపలి మెట్లే దిగి, హాలు దాటి, వీధిలోకి వెళ్లి వెనక్కి తిరిగాడు. పచ్చ కిటికీ తలుపుల్నీ, బాల్కనీనీ, తెరిచి ఉన్న గుమ్మాన్నీ తలెత్తి అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఇటేపు నుంచి ఇల్లు ఇంత బాగుంటాదేటి, పుష్పా," అన్నాడు.