ఏడాది తిరగకముందే వచ్చిన టీవీ

లక్ష్మీకుమారి ఆ రోజు అత్తకు బ్యాంకు పని ఉందని చెప్పి గిద్దలూరు ఆటో ఎక్కింది. బ్యాంకులో ఆమెకు ఏ పనీ లేదు. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్ళలో అత్తతో అబద్ధమాడటం అదే మొదలు.

వాళ్ళది రాచర్ల పక్కన చిన్న ఊరు. ఏడు నెలల కింద ఆమె మొగుడు ఆదిశేషు కంది చేలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ ఇద్దరే. పెద్దదినం నాడు వరసైన ఆడవాళ్ళు వచ్చి టీవీ మీద పాత చీర కప్పి పోయారు. ఆ ఊరి పద్ధతి అది. మనిషి పోయిన ఇంట్లో ఏడాది మాసికం పెట్టేదాకా పండగ లేదు, పిండివంట లేదు, కొత్త వస్తువు గడప దాటి లోపలికి రాదు. ఉన్న టీవీ మటుకు ఆర్నెల్లయ్యాక చూసుకోవచ్చని పెద్దవాళ్ళే కాస్త సడలింపు ఇస్తారు.

ఆర్నెల్లు నిండిన మర్నాడు లక్ష్మీకుమారి చీర తీసి స్విచ్చి వేసింది. ఆ పాత డబ్బా టీవీ రెండుసార్లు గురగురలాడి ఊరుకుంది. మెకానిక్కు చూసి, దీనికి ఇప్పుడు సామాన్లు దొరకవమ్మా అనేశాడు.

"ఏడాది కానీలే. అప్పుడు తెచ్చుకుందాం కొత్తది," అంది అత్త వెంకటసుబ్బులమ్మ.

అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఆ అయిదారు నెలలు గడిచేదెట్లా? ఆదిశేషు నోరున్న మనిషి. గొర్రెలతో మాట్లాడేవాడు, బోరు మోటారుతో మాట్లాడేవాడు, అన్నంలో రాయి తగిలితే ఆ రాయిని కూడా నాలుగు తిట్టి పక్కన పెట్టేవాడు. అత్త రోజంతటికీ పది మాటలాడితే ఎక్కువ. వంటింట్లో గిన్నె జారి పడితే, హమ్మయ్య, ఏదో ఒక చప్పుడైంది అనిపించేది లక్ష్మీకుమారికి. ఎవరిదో ఒకరిది గొంతు ఇంట్లో వినబడితే చాలు అనుకుంది. అంతకు మించి ఆశ లేదు.

గిద్దలూరు బజారులో ముస్తాక్ అహ్మద్ దుకాణం గోడ నిండా టీవీలే. పలకల్లాగా పలచగా ఉన్నాయి. అన్నిట్లో ఒకటే బొమ్మ. బక్కపలచటి మనిషొకడు పెళ్ళిచూపులకు పోయి, కంగారులో కుర్చీ అనుకుని పెళ్ళికూతురి తాత ఒళ్ళో కూర్చున్నాడు. పదిహేను టీవీల్లో పదిహేనుమంది తాతలు ఒక్కసారే కెవ్వుమన్నారు.

లక్ష్మీకుమారికి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకునేలోపే పైకి తన్నుకొచ్చేసింది. ఆపుదామంటే ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారేదాకా, డొక్క పట్టుకుని నవ్వింది.

"ఏందక్కా, బాగుండాదా?"

వెనక్కి తిరిగి చూస్తే శివపార్వతి. ఆదిశేషు చిన్నాయన కోడలు, వరసకు చెల్లెలు. మిక్సీ బాగు చేయించుకోవడానికి వచ్చినట్టుంది, చంకలో మిక్సీ ఉంది. చూపు మాత్రం లక్ష్మీకుమారి ముఖం మీదే ఉంది.

లక్ష్మీకుమారి గబుక్కున కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏం లేదు పార్వతీ. అత్తకు టీవీ చూద్దామని వచ్చినా. ఆమె ఒకటే అడుగుతాంది. పొద్దు పోవడం లేదంట."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నోట్లో తయారుగా ఉన్నట్టే వచ్చింది.

"పెద్దత్తా? టీవీ అడిగిందా?" శివపార్వతి బుగ్గన వేలు పెట్టుకుంది. "కొడుకు పోయి ఏడాది గూడా తిరగలా, ముసలామెకు ఎంత సరదా చూడు! నువ్వేం చేస్తావులే అక్కా. తెమ్మంటే తేకుంటే గూడా మాటొస్తది నీకు."

ఆ జాలి మాట లక్ష్మీకుమారికి ఒక్క క్షణం హాయిగా తోచింది. తర్వాత చాలా రోజుల వరకు ఆమెను కాల్చింది ఆ ఒక్క క్షణమే.

ఇదంతా విన్న ముస్తాక్ అహ్మద్ తన పని తాను మొదలుపెట్టాడు.

"పెద్దామెకా అమ్మా? కంటి చూపు ఎట్లుంటది?"

"ఆపరేషను అయ్యింది, ఒక కంటికి."

"మంచానికీ గోడకూ ఎన్ని అడుగులు?"

"ఏడెనిమిది ఉంటాయి."

"అయితే ఈ ముప్పై రెండు అంగుళాలది వద్దు. చిన్న బొమ్మ కనపడక ఆమె దగ్గరికి జరుగుతది, ఉన్న కన్ను గూడా పాడైతది. నలభై మూడు తీసుకో. మా అమ్మీకి గూడా అదే పెట్టినా."

ముప్పై రెండైతే దుప్పటి చుట్టి, సందకాడ ఎవరి కంటా పడకుండా తెచ్చుకుందామనుకుంది ఆమె. కాదనడానికి నోరు రాలేదు. ముసలామెకు చిన్నది చాలు అంటే శివపార్వతి ఏమనుకుంటుంది? నలభై మూడే ఖాయమైంది. మరుసటి రోజు తానే తెచ్చి గోడకు బిగిస్తానన్నాడు ముస్తాక్.

శివపార్వతి అంతకు ముందు ఆటోలోనే పోయింది. లక్ష్మీకుమారి ఊరు చేరేసరికి కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాట ఆపారు. ఇంట్లో అత్త మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

"నేను టీవీ అడిగినానంట గదా."

లక్ష్మీకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కొళాయి కాడ అడిగినారు. అవును, నేనే తెమ్మన్నా అని చెప్పినా." ఒక గింజ తీసి పక్కన వేసింది. "నువ్వు నవ్వినావంట."

"అత్తా..."

"చానాసేపు నవ్వినావా?"

లక్ష్మీకుమారి నేల వైపు చూస్తూ తలాడించింది. తిట్టినా బాగుండేది. నాలుగు దెబ్బలేసినా బాగుండేది. ముసలామె లేచి కోడలికి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

మరుసటి రోజు పదిగంటలకు ఆటో వచ్చింది. ఆ అట్టపెట్టె ఆటోలో పట్టక సగం బయటికి ఉంది. ఊరి మొదటి నుంచి చివరి దాకా అందరూ చూశారు. ముస్తాక్ దాన్ని దించి వసారాలో పెట్టేసరికి ఆరేడుగురు ఆడవాళ్ళు పోగయ్యారు. ముందు నిలబడింది శివపార్వతి.

"పెద్దత్తా, సినిమా హాలే తెప్పించినావే! టిక్కెట్టు ఎంత?"

ఎవరో కిసుక్కుమన్నారు. శివపార్వతి అంతటితో ఆగలేదు.

"నెల మాసికానికి విస్తరి వేసే చేత్తోనే రిమోటు పట్టుకుంటావా అని అడుగుతున్నా. మా మామ పోయినప్పుడు రెండేళ్ళు రేడియో గూడా పెట్టలా మా ఇంట్లో."

"పట్టుకుంటాలే," అంది ముసలామె. "నా చెయ్యి, నా ఇష్టం."

గొంతు వణకకుండా అన్నది గానీ, స్తంభాన్ని పట్టుకున్న ఆ చేతి వైపే లక్ష్మీకుమారి చూసింది. ఏడు నెలల కింద కొడుకు మీద మట్టి వేసిన చెయ్యి. ఇక ఆగలేకపోయింది.

"ఆమె అడగలా," అంది. అందరికీ వినబడేలా మళ్ళీ అంది. "అత్త అడగలా. వద్దనే చెప్పింది. నాకే కావాల్సొచ్చింది. నేనే అబద్ధం చెప్పి పోయినా, అత్త మీద నేనే చెప్పినా."

స్క్రూలు ఏరుతున్న ముస్తాక్ తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

"అట్లనా," అంది శివపార్వతి మెల్లగా. "అయితే పెద్దత్త గూడా మాతో అబద్ధమే చెప్పిందన్నమాట."

అది వినేసరికి లక్ష్మీకుమారికి తాను చేసింది అర్థమైంది. అత్త కప్పిన కొంగును నలుగురిలో తానే లాగేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి ఊరంతా వినేలా అబద్ధాలకోరైంది.

వెంకటసుబ్బులమ్మ కోడలి వైపు చూసింది. కోపం లేదు గానీ బాగా అలిసిపోయిన చూపు.

"నోరు మూసుకోని ఉంటే ఏమైతాండె?" అంది. "నన్నంటే నాలుగు రోజులు అంటారు. నిన్నంటే నీ బతుకంతా అంటారు. నువ్వింకా బతకాల్సినదానివి." తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగింది. "అయ్యిందా? పోండి, పొయ్యిల మీద కూరలు మాడతాయి."

ఒక్కొక్కరే పోయారు. శివపార్వతి అందరికంటే చివర్న పోయింది.

ముస్తాక్ గోడకు బొక్కలు వేసి టీవీ బిగించాడు. డిష్షు వైరు కలిపాడు. "ఆన్ చేసి చూపించాల్నా, వద్దా?" అని ఎవరినీ చూడకుండా అడిగాడు.

"చూపించు నాయనా," అంది ముసలామె. "ఇంత దూరం తెచ్చినావు, పనిచేస్తదో లేదో చూడాల గదా."

బొమ్మ వచ్చింది. ఎవరో అమ్మాయి వార్తలు చదువుతోంది. ఆ గొంతు ఇల్లంతా నిండేసరికి లక్ష్మీకుమారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆమె చేతిలో రిమోటు పెట్టి, ఏ బటన్ దేనికో ముస్తాక్ చెబుతున్నాడు. ఆమెకు బుర్రకెక్కింది ఒక్కటే, సౌండు తగ్గించే బటన్. అతను పోయాక అదే నొక్కింది. వీధిలోకి వినబడకుండా తగ్గించింది, పక్కింటికి వినబడకుండా ఇంకా తగ్గించింది. చివరికి మంచం మీదున్న అత్తకు కూడా వినబడలేదు.

వెంకటసుబ్బులమ్మ పెంచమనలేదు. కాసేపు పెదాలు కదులుతున్న ఆ అమ్మాయినే చూసి, "కూర్చోరాదూ," అంది.

లక్ష్మీకుమారి మంచం పట్టె పక్కన కింద కూర్చుంది. అత్త ముఖం చూడటానికి మాత్రం ఆ రోజంతా ధైర్యం చాలలేదు.