అచ్చు తీయని ముఖం

తెనాలి నుంచి అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా ఏ సెంటర్లో నిలబడి చూసినా ఏడుకొండలు చేసిన మనిషి ఒకడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. కింద శిలాఫలకం మీద చందాలిచ్చినవాళ్ళ పేర్లుంటాయి. ముసుగు తీసిన పెద్దమనిషి పేరు అందరికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా కనపడదు. దానికి ఏడుకొండలు ఏనాడూ బాధపడలేదు. ముక్కు కుదిరిందా లేదా అన్నదొక్కటే అతని పట్టింపు. కుదిరిందని తనకు తనే చెప్పుకునేవాడు కూడా, పక్కవాళ్ళకు వినపడేట్టు.

కాలవ పక్కన రేకుల షెడ్డు అతనిది. ముందు ఇనప చువ్వల మీద బంకమట్టితో మనిషిని నిలబెడతాడు. పోయినవాళ్ళ తాలూకు వాళ్ళు వచ్చి చూసి, ‘ఆ, ఈయనే’ అనాలి. అన్నాక దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాడు. ఆ అచ్చులోంచి ఫైబర్ విగ్రహం వస్తుంది. అచ్చు విప్పేటప్పుడు మట్టి మనిషి మాత్రం ముక్కలైపోతాడు. ఆ ముక్కలు తొట్టిలో వేసి, నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ వచ్చేవాడికి వాడతాడు. తాలూకు వాళ్ళు వచ్చి చూసుకునేదాకా మట్టి ఆరిపోకుండా తడిగుడ్డలు చుట్టే పని అతని భార్య కోటమ్మది. పాతికేళ్ళుగా ఎవరెవరి తాతలకో తండ్రులకో ఆమె పొద్దునా సాయంత్రం గుడ్డలు తడిపి చుట్టింది.

ఎనిమిదేళ్ళ కిందట చెరుకుపల్లి నుంచి సామ్రాజ్యం అనే ఆవిడ వచ్చింది. కొడుకు జాన్ బాబు బండి మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఇంటి ముందు వాడి విగ్రహం పెట్టుకోవాలని ఆవిడ కోరిక. ఏడుకొండలు వారంలో ముఖం చేసి కబురు పెట్టాడు. ఆవిడ సోమవారం బస్సులో వచ్చి, మట్టి చెంప మీద చెయ్యి వేసి, చాలాసేపు చూసింది.

“చెవి ఇంకా కుదరలేదయ్యా. వచ్చే సోమవారం వచ్చి చూస్తాను.”

ఆ సోమవారం వచ్చి కనుబొమ్మ బాగాలేదంది. ఆ పై సోమవారం గడ్డం. ఏడుకొండలుకు ఒళ్ళు మండింది. నా చేతి పనికి వంకలా అనుకున్నాడు. ఆవిడ ఎదురుగా బొటనవేలు తడి చేసుకుని ఏదో దిద్దినట్టు నటించేవాడేగాని, ఒక్క గీత మార్చలేదు. ఐదు వారాలు చూసి, ఆవిడతో చెప్పకుండా అచ్చు తీసేశాడు. ఆరో సోమవారం ఆవిడ వచ్చేసరికి తెల్లటి ఫైబర్ తల బల్ల మీద ఉంది. ఆవిడ దాని చెంప మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసుకుంది.

“గట్టిగా ఉందయ్యా,” అంది. ఇంక ఏ వంకా పెట్టలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ ఏడుకొండలు దాన్ని వేళాకోళంగా చెప్పాడు. కోటమ్మ కూడా నవ్వింది. ఏడో తరగతి చదువుతున్న కూతురు సాయి సుధ మాత్రం నవ్వలేదు.

“ఇంకొక్క వారం ఉంచితే ఏం పోయేది నాన్నా?”

“మట్టి ఊరికే వస్తుందా?” అన్నాడు. నిజానికి అది కాలవలోంచి ఊరికే వచ్చిన మట్టే.

పోయినేడు వానాకాలంలో, బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న సాయి సుధకి డెంగీ జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజున ఇంటికి తీసుకొచ్చింది ప్రాణమున్న పిల్లని కాదు.

ఏడాది నిండే రోజుకి ఇంటి ముందు కూతుర్ని నిలబెట్టాలనుకున్నాడు ఏడుకొండలు. ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ మూతి ముడిచి దిగినవే. వాటిని పక్కన పెట్టి, నూనె రాసి జడ వేసేటప్పుడు చూసిన ముఖాన్ని తలుచుకుని చేశాడు. నాలుగు రోజుల్లో సాయి సుధ వచ్చేసింది. ఇన్నేళ్ళలో అంత బాగా మరే ముఖమూ రాలేదు. ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని కోటమ్మని పిలిచాడు.

కోటమ్మ వచ్చి మట్టి చెంప మీద చెయ్యి వేసింది.

“ముక్కు ఇలా ఉండదయ్యా దానికి.”

ఏడుకొండలు హడలిపోయి నిజంగానే ముక్కు మార్చాడు. మర్నాడు పెదవి అంది, ఆ మర్నాడు నుదురు. మార్చి మార్చి, చివరికి మొదట చేసిన ముఖానికే వచ్చి ఆగాడు. దానికీ వంక పెట్టింది. అప్పుడు చూశాడు ఆమె చేతిని. మధ్యాహ్నం రేకుల వేడికి తడిగుడ్డ కింద మట్టి నులివెచ్చగా అవుతుంది. సరిగ్గా ఆ వేళకే వస్తోంది కోటమ్మ. చెంప మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు, ఉంచుతోంది. ఎంత బుద్ధితక్కువవాడినని తనని తాను తిట్టుకున్నాడు.

కానీ మట్టి ఎన్నాళ్ళాగుతుంది? రెండు నెలల తడికి లోపల చువ్వలు తుప్పుపట్టి మెడ దగ్గర ఎర్రటి చార దిగింది. గడ్డం కొంచెం జారింది. రెండు రోజుల్లో అచ్చు తీయకపోతే ఆ ముఖం మరి దక్కదు. తీస్తే కోటమ్మకి ఆ చెంప దక్కదు. ఏడాది నిండటానికి ఒక్క రోజుందనగా, ఏం చెయ్యాలో తోచక చెరుకుపల్లి బస్సెక్కాడు.

సామ్రాజ్యం బాగా వంగిపోయింది. ఇంటి ముందు జాన్ బాబు అలాగే నిలబడి ఉన్నాడు. ఏడుకొండలు తన ఇంట్లో సంగతంతా చెప్పి, “ఆ రోజు తొందరపడ్డానమ్మా,” అన్నాడు. “మీరు చెప్పినవేవీ మార్చలేదు కూడా.”

“తెలుసులేవయ్యా. నేను మాత్రం మార్చమనా వచ్చింది?” అంది ఆవిడ. విగ్రహం వైపు చూస్తూ అడిగింది. “మావాడి మట్టి ఏం చేశావు బాబూ?”

ఈ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

“తొట్టిలో కలిపేశానమ్మా. దాంతోనే ఇంకోటి, ఇంకోటి చేశాను. తొట్టిలో మట్టి పూర్తిగా మార్చిందెప్పుడూ లేదు. ఇప్పుడు మా అమ్మాయిని చేసిందీ ఆ మట్టితోనే.”

సామ్రాజ్యం లేచి చెప్పులు వేసుకుంది.

వాళ్ళు షెడ్డు చేరేసరికి కోటమ్మ తడిగుడ్డలు విప్పుతోంది. వచ్చిందెవరో, ఎందుకో ఏడుకొండలు చెప్పాడు. కోటమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. సామ్రాజ్యం ముందుకొచ్చి చెంప మీద చెయ్యి వేసింది. మట్టి మెత్తగా, వెచ్చగా ఉంది. ఆవిడ చాలాసేపు చెయ్యి తీయలేదు.

“చెవి ఇంకా కుదరలేదయ్యా,” అంది చివరికి. “వచ్చే సోమవారం వచ్చి చూస్తాను.”

“నేనూ అదే చెప్తున్నానక్కా,” అంది కోటమ్మ.

మూల ప్లాస్టర్ బస్తా కట్టు విప్పకుండానే ఉంది. తెల్లారితే ఏడాది. వచ్చే సోమవారానికి మెడ నిలవదని ముగ్గురిలో అతనికొక్కడికే తెలుసు.

“సరేనమ్మా, దిద్దుతాను,” అన్నాడు ఏడుకొండలు. బొటనవేలు తడి చేసుకుని, ఏమాత్రం నొక్కకుండా, కూతురి చెవి మీద ఆనించాడు.