బడి ఆవరణలో కాశీయాత్ర

స్వరాజ్యం వచ్చిన కొత్తలో కొత్తపేట దగ్గర ఒక పల్లె బడిలో మాస్టరుగా చేరాను. బడికి గోడపటం కూడా లేదు. అందుకని ఆవరణలో సున్నంతో భారతదేశ పటం పెద్దగా గీసి, గోదావరి నుంచి కాశీ దాకా పిల్లల్ని నడిపిస్తూ దారిలోని ప్రాంతాల పేర్లు చెప్పించేవాణ్ణి.

ఒకనాడు బడి కమిటీ ప్రెసిడెంటుగారి తల్లి అటుగా వచ్చి, కాశీ మీద నిలబడ్డ పిల్లల్ని చూశారు.

"ఏమయ్యా మాస్టారూ! కాశీని కాళ్లతో తొక్కిస్తున్నావా? ఉండు, మా అబ్బాయితో చెబుతాను!"

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అయినా మూఢనమ్మకం కనబడితే నా నోరు ఊరుకోదు.

"అసలు కాశీకి వెళ్లినవాళ్లు తలతో నడుస్తారాండీ, మామ్మగారూ?" అనేశాను.

ఉద్యోగం ఊడిందనుకున్నాను.

ఆవిడ చీర కాస్త పైకి పట్టుకుని గోదావరి దగ్గర బయలుదేరారు. వింధ్య పర్వతాల దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని, కాశీ చేరి దణ్ణం పెట్టుకున్నారు.

"కాశీకి వస్తే ఇష్టమైనదొకటి వదలాలి. నేను పనసకాయ వదిలేశాను. తీసుకొచ్చినవాడివి, నువ్వూ ఒకటి వదులు."

"ఏం వదలమంటారండీ?"

"ఆ నోటి దురుసు."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

ఉద్యోగం నిలిచింది. ఆ సాయంత్రమే ఊరి పురోహితుడితో గ్రహణం గురించి గొడవకు దిగాను. ఆవిడ మాత్రం మళ్లీ పనసపొట్టు కూర ముట్టలేదట. సున్నపు గీతల కోసం కూర మానడం మూఢత్వమేనని ఇప్పటికీ అంటాను. కాని మాట ఇచ్చిన ఇద్దరిలో నిలబెట్టుకున్నది ఆవిడ ఒక్కరే.