‘ల’ను మింగిన లైబ్రరీ

ఆ రోజు నేను కంప్యూటర్ గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే సోషల్ సార్ కేకేశారు.

“అమ్మా, జల్ది రా! మన మిషిన్ పాలమూరును పామూరు జేసింది!”

పిల్లలు బెంచీల మీద పడి నవ్వుతున్నారు. ఒకమ్మాయి “పాములూరు సార్, పాములూరు” అని ఇంకా రెచ్చగొడుతోంది.

తెలంగాణ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. మేం జడ్చర్లలో కిరాయింట్లో ఉండేవాళ్లం. మా ఆయనకు అక్కడి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నేను రోజూ బస్సెక్కి మహబూబ్‌నగర్ దగ్గర చూపులేని పిల్లల బడికి వెళ్లి కంప్యూటర్ నేర్పేదాన్ని. బడిలో ఉన్నవి ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్లు. వాటిలో నేనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇష్టముంటే లోపలి కోడ్ కూడా తెరిచి చూసుకోవచ్చు. తెలుగు పాఠాన్ని ఫైలుగా ఇస్తే పైకి చదివి వినిపించే ప్రోగ్రాం కూడా పెట్టాను.

సోషల్ సార్‌కు పుట్టుకతోనే చూపు లేదు. యాభై దాటిన మనిషి. పాఠాలన్నీ తానే టైపు చేసుకుని, మిషిన్ చేత చదివించుకుని, ఒక్కొక్క మాటా వింటూ దిద్దుకునేవారు. నేను స్క్రీన్ మీద చూశాను. పాలమూరు అని శుభ్రంగా ఉంది. మళ్లీ చదివించాను. పామూరు అంది.

“గొంతు ప్రోగ్రాంకు ఆ మాట పలకడం రాదేమో సార్” అన్నాను.

“నేను గూడ గట్లనే అనుకున్న. కని ఒక పని జేసి చూసిన. పాఠం మీద నా పేరు, తరగతి పేరు ఒక లైను కలిపిన. గప్పుడు పాలమూరును సక్కగ పలికింది. దాని ముంగటి మాటల ఒక అక్షరం మింగింది. ఇంకో లైను కలిపిన. ఏదీ మింగలే. మల్లొకటి కలిపితే మల్ల మింగింది.” ఆయన కుర్చీ నా వైపు జరిపారు. “తప్పు మాటల లేదమ్మా. జాగాల ఉన్నది. మొదలుకెళ్లి గంత దూరం పోయినంక ఏది అడ్డమొస్తే దాన్ని మింగుతాంది.”

నాకు ఒళ్లు ఝల్లుమంది. చూపున్న నేను స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన చెవితోనే కొలిచేశారు.

వెంటనే బైట్లు, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న గళ్లు, లెక్కపెట్టే కమాండు ఇచ్చాను. పాలమూరులోని ‘ల’ సరిగ్గా నాలుగువేల తొంభై ఆరో బైటు దగ్గర మొదలవుతోంది. ఆ సంఖ్య చూడగానే అర్థమైంది. కంప్యూటర్ ఫైలును ఒక్కసారే తెచ్చుకోదు. నాలుగువేల తొంభై ఆరేసి బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో పడుతుంది. మన అక్షరానికి మూడు కావాలి, గుణింతం గుర్తుకూ మూడే. ఆ ‘ల’ మొదటి బైటు ఈ ముక్క చివర్లో, మిగతా రెండూ తర్వాతి ముక్క మొదట్లో పడ్డాయి. రెంటినీ కలిపి ఒక అక్షరం చేయాల్సిన వాళ్లెవరో చేయలేదు.

ఎవరు? అదే ప్రశ్న నన్ను పట్టుకుంది. చదివే ప్రోగ్రాంను పక్కన పెట్టి, సి అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్ల ప్రోగ్రాం రాశాను. ఫైలు తెరవాలి, ఒక్కో అక్షరం చదవాలి, మళ్లీ రాయాలి. అంతే. అదీ ‘ల’ను మింగింది. అంటే తప్పు నాది కాదు, గొంతు ప్రోగ్రాందీ కాదు. మా ఇద్దరికీ కింద ఉన్న సి లైబ్రరీది, అంటే అన్ని ప్రోగ్రాములూ వాడుకునేలా ముందే రాసిపెట్టిన కోడ్‌ది.

భువనగిరి కాలేజీలో సి నేర్చుకున్నప్పుడు నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లైబ్రరీ ఫంక్షన్లు తప్పు చేయవు, తప్పుంటే మనదే. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం ఫైలు తెరవాలన్నా, అక్షరం చదవాలన్నా, టైమెంతో అడగాలన్నా ఆ లైబ్రరీనే అడగాలి. దాని లోపలికి వెళ్లి చూడాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. ఆ ఆదివారం వంటిల్లు సర్దేసి, కూర్చుని దాని కోడ్ తెరిచాను.

మొదటి గంట ఏమీ అర్థం కాలేదు. ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని. కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి అసలు చోటు దొరికింది. చదవడం వేగంగా జరగాలని ఎవరో ఈ మధ్యనే మార్చిన భాగం అది. ముక్క చివర అక్షరం తెగితే, ఇంకా ఒక్క బైటు రావాల్సి ఉన్నప్పుడు ఏం చేయాలో రాశారు. రెండు బైట్లు రావాల్సి ఉంటే ఏం చేయాలో రాయలేదు. యూరప్ భాషల్లో చుక్కలూ గీతలూ పెట్టిన అక్షరాలకు చాలావరకు రెండే బైట్లు. ఎక్కడ తెగినా మిగిలేది ఒకటే. వాటితోనే పరీక్షించి ఉంటారు.

నేను పెట్టిన కేకకు మా ఆయన చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? తేలా?”

“కాదు, దొరికింది!”

“ఏం దొరికింది?”

“ల!”

ఆయన చీపురు కింద పెట్టి నా ముఖం వంక అలాగే చూశాడు.

సాయంత్రానికి ఏడు లైన్ల మార్పు రాశాను. మా కంప్యూటర్‌లో లైబ్రరీని మళ్లీ తయారుచేసి పాఠం చదివించాను. పాలమూరు అంది. ఇంకో ఐదుసార్లు చదివించి, అన్నిసార్లూ నవ్వాను. ఆ లైబ్రరీని చూసుకునేవాళ్లు దేశదేశాల్లో ఉంటారు. మార్పులన్నీ ఒక ఉమ్మడి మెయిల్ చిరునామాకు పంపాలి. నా ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో అని నాలుగుసార్లు దిద్దుకుని, కళ్లు మూసుకుని పంపాను.

మర్నాడే జవాబు వచ్చింది. ఆ భాగాన్ని చూసుకునే ఒక పెద్దావిడ రాసింది. తప్పును సరిగ్గా పట్టుకున్నావు, కానీ దిద్దిన తీరు సరిగ్గా లేదు, అక్షరం సగంలో ఉండగానే ఫైలు అయిపోతే నీ మార్పు ఏం చేస్తుందో చూశావా అని అడిగింది.

చూడలేదు. చివరి అక్షరాన్ని సగానికి కోసి ఒక ఫైలు తయారుచేసి, దాన్ని చదివించాను. ప్రోగ్రాం ఆగలేదు. రాని బైట్ల కోసం అడుగుతూనే ఉంది, కంప్యూటర్ ఫ్యాను రొద పెడుతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నా ఏడు లైన్లు లోకంలోకి వెళ్లి ఉంటే ఎన్ని కంప్యూటర్లు అలా గిరగిరా తిరిగేవో!

సార్‌కు చెప్పాను. ఆయన పెద్దగా ఫికర్ పడలేదు.

“మిగిలింది వస్తదా, ఇంగ రాదా అనేది దానికి ఎరుకనే లేదన్నట్టు. గా రెండూ వేరే వేరే కదా?”

ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఒక్కసారిగా వెలిగింది. చదివే ఫంక్షన్ ఇచ్చే జవాబులో ఆ తేడా ముందునుంచే ఉంది! ‘ఇప్పటికి ఇంతే’ అనే జవాబు వేరు, ‘ఇక అయిపోయింది’ అనే జవాబు వేరు. నేనే రెంటినీ ఒకే గాటన కట్టేశాను. సంచిలోంచి నోటుబుక్కు తీసి రాస్తూ ఉండిపోయాను. దిగాల్సిన చోటు దాటిపోయింది. కండక్టర్ “మేడం, మీ బడి ఎనకకు పోయింది” అంటే నవ్వుతూ దిగి, ఎండలో వెనక్కి నడిచాను. ఆ నడకలో నాకు ఎండే తెలియలేదు.

ఈసారి మార్పుతో పాటు పరీక్ష కూడా పంపాలి. ఇకముందు ఎవరు ఆ కోడ్‌ను ముట్టుకున్నా, ఆ పరీక్ష దానంతటదే నడిచి, అక్షరం పోతే వెంటనే చెప్పాలి. అందుకు ఒక తెలుగు వాక్యం కావాలి. పిల్లలందరూ చుట్టూ చేరారు. తలా ఒక వాక్యం చెప్పారు. చివరికి సార్ చెప్పిందే తీసుకున్నాం: “పాలమూరు పిల్లలు పాఠం వింటున్నారు.” దాన్ని ముందుకూ వెనక్కూ ఒక్కో బైటు జరుపుతూ, అక్షరం తెగగల ప్రతి చోటా తెగేలా పరీక్ష రాశాను.

పెద్దావిడ కోడ్‌లో రెండుచోట్ల నేను పెట్టిన పేర్లు మార్చమంది, చదివేవాళ్లకు అర్థమయ్యేలా ఒక వ్యాఖ్య చేర్చమంది. మార్చాను, చేర్చాను. ఒక గురువారం క్లాసు మధ్యలో మెయిల్ వచ్చింది. మార్పు లైబ్రరీలో కలిసిపోయింది. నేను చదివి వినిపించగానే గది దద్దరిల్లింది. సార్ నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, “మన మాట లోపలికి పోయిందా? అన్ని దేశాల మిషిన్లల్లకా?” అని మళ్లీ మళ్లీ అడిగారు. పోయింది సార్ అంటే నమ్మలేక మళ్లీ అడిగారు. ఆ పూట పిల్లలందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాం.

రామన్నపేటలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, లైబ్రరీలో తప్పు దిద్దానని చెప్పాను.

“ఏ ఊరి లైబ్రరీ బిడ్డా?” అంది.

“అన్ని ఊర్లదీ అమ్మా.”

“గన్ని పుస్తకాలు ఎప్పుడు సదివినవే?” అని ఆశ్చర్యపోయింది. సర్దిచెప్పబోయాను కానీ ఆమె అప్పటికే పక్కింటావిడకు చెప్పేస్తోంది.

ఆ తర్వాత నేను ఆగలేకపోయాను. తెలుగు అక్షరాల వెడల్పు కొలవడంలో ఒక తప్పు, మాటలను వరుసలో పెట్టడంలో ఇంకొకటి. ఒక్కోటి దొరికినప్పుడల్లా అదే ఝల్లు. కొన్ని నా ఊహ తప్పని తేలేవి, వారం కష్టం వృథా అయ్యేది. అయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ తెరిచేదాన్ని.

రెండేళ్లు గడిచాక పెద్దావిడ ఒక చిన్న ఉత్తరం రాసింది. ఆ భాగం బాధ్యత ఇకమీద నువ్వు తీసుకుంటావా అని. నాకు వచ్చునా అనే భయం ఒకటి, ఎగిరి గంతేయాలన్న సంబరం ఒకటి. మా ఆయన వెనకనుంచి చదివి, “ఇంక ఆలోచనేంది, సరే అని రాయి” అన్నాడు. రాశాను.

ఒప్పుకున్న మూడో రోజే మొదటి ఫిర్యాదు నా పేరు మీద వచ్చింది. ఎక్కడో దూరదేశంలో ఒక టీచరమ్మ, తమ లిపిలో ఒక పేజీ జతచేసి, ఇందులో ఒక గుర్తు మాయమవుతోంది, ఎందుకో తెలియడం లేదు అని రాసింది. ఆ లిపిలో ఒక్క అక్షరమూ నాకు రాదు. పేజీని బైట్లుగా విప్పి, వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎక్కడ పోతోందో కనిపెట్టి, ఆమెకు జవాబు రాసి పంపాకగానీ, పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన నా ముక్కుకు తగల్లేదు.