దొంగల్లో కలిసిన మా మేస్త్రీ

మా మేస్త్రీ పోయారన్న సంగతి మొన్న మంగళవారం మొదటి షిఫ్టులో టీ వేళ తెలిసింది. మేస్త్రీ ఊరు కర్దనూర్ నుంచే వచ్చే క్యాంటీన్ మనిషి చేతులు తుడుచుకుంటూ, "ఆ రాగి దొంగ లేడా, పొద్దుగాల సచ్చిపోయిండంట" అన్నాడు. పక్కనున్నవాళ్లు "అవునా" అని టీ తాగడంలో పడ్డారు. మేస్త్రీ దొంగ కాదని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ పటాన్‌చెరు చుట్టూ కార్ఖానాలు కొత్తగా లేస్తున్న అరవైల చివర్లో గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చాను. ఇక్కడి మాట సగమే అర్థమయ్యేది. నన్ను ఆయన కింద లేత్ మిషన్ పనికి వేశారు. కొత్తవాళ్లకు ఆయన మొదటిరోజు చెప్పేది ఒకటే: "మిషన్ చప్పుడు మారిందా, ముందుగాల చెయ్యి తియ్యి. ఎందుకు మారిందో తర్వాత సోంచాయించు." ఇవాళ నా పది వేళ్లూ నాకున్నాయంటే ఆ మాట వల్లే. మధ్యాహ్నం తన జొన్నరొట్టె సగం విరిచి, అడక్కుండానే నా డబ్బా మూత మీద పెట్టేవారు. నా ఆవకాయ మాత్రం మొహమాటంగా అడిగేవారు. "మీ దిక్కు గింత కారం ఎట్ల తింటరు తమ్మీ" అని కళ్లు తుడుచుకుని మళ్లీ చెయ్యి చాపేవారు.

ఆయన మూడెకరాలూ కార్ఖానా కిందకే పోయాయి. మా షెడ్డు పడమటి మూల ఆయన మోటబావి ఉండేదట. పనివాళ్లు ఒక్క మేకు జేబులో వేసుకున్నా ఆయనకు ఒళ్లు మండేది. "నా చేను మింగి లేసిన కార్ఖానా ఇది. దీన్ని దోసుకుంటె నన్ను రెండోసారి దోసుకున్నట్టే" అనేవారు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం గేటు తనిఖీలో దొరికిపోయారు. టిఫిన్ డబ్బా అడుగున ఇత్తడి ముక్క. అందరూ చూస్తుండగా భద్రతాధికారి ఆయన్ను నానా మాటలూ అని, అక్కడికక్కడే సస్పెండ్ చేయించారు. మేస్త్రీ నా వైపు చూశారు. నేను చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగిపోయాను.

నాలుగు నెలల తర్వాత, కార్ఖానా స్టోర్ నుంచి రాగితీగ చుట్టలు కాజేసే ముఠా పట్టుబడింది. అందులో ఆయనా ఉన్నారు. సాక్ష్యం చాలక జైలు తప్పింది గాని ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం పటాన్‌చెరులో నా అద్దె గదికి వచ్చారు. గడప బయటే నిలబడి చెప్పారు. ముఠాలో చేరి కూపీ లాగమన్నది ఆ భద్రతాధికారేనట. దొంగలు నమ్మాలని ఇత్తడి ముక్క పెట్టించిందీ ఆయనేనట. ఎక్కడ పొక్కుతుందోనని కాగితం మీద ఏమీ పెట్టలేదు. ముఠాను పట్టుకోవడానికి పది రోజుల ముందు ఆ అధికారి సెలవు మీద ఊరెళ్లి, అక్కడే గుండెపోటుతో పోయారు. ఆ సంగతి మేస్త్రీకి పట్టుబడ్డాకే తెలిసింది. కొత్తగా వచ్చిన అధికారి, ఫైల్లో నీ పేరే లేదు పొమ్మన్నాడు.

"సారు నన్ను టూల్ రూమ్ ఎన్కకు పిల్చి మూడుసార్లు మాట్లాడిండు. నువ్వు సూసినవు గద తమ్మీ. గంత రాసియ్యి, సాలు."

చూశాను. కానీ నేనింకా పర్మినెంట్ కాలేదు. పెళ్లయి రెండు నెలలు. "నాకు గుర్తులేదండీ" అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "సరే. నీ నౌకరి కొత్తది" అన్నారు. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చేలోపు వెళ్లిపోయారు.

రెండేళ్ల తర్వాత సంగారెడ్డిలో ఒక మ్యాట్నీలో పక్క కుర్చీలో కనిపించారు. పోలీసులు మారువేషాల్లో దొంగల ముఠాలో చేరే హాస్య సినిమా అది. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. చివర్లో హీరో పెట్టుడు మీసం పీకేసి పోలీసు కార్డు చూపించగానే హాలంతా చప్పట్లు. ఆయన నవ్వు మాత్రం ఆగిపోయింది.

బయట టీ తాగుతూ, "మా ముఠా దీనికంటె నవ్వులాట తమ్మీ" అని మొదలుపెట్టారు. పాత ఇనుము కొట్టు సేటు కాక నలుగురు. లారీ డ్రైవరు పోలీసులు పెట్టిన మనిషి. దళారీ ఏమో, కార్ఖానాకు రాగి అమ్మే కంపెనీ పంపిన మనిషి. ఈయన కార్ఖానా మనిషి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. "ముగ్గురం ఒగన్ని మించి ఒగడు, ఇయ్యాల్నే కొడదాం, జల్దీ కొడదాం అంటుంటిమి. మా జోరు సూసి అసలు దొంగ సేటుకే భయమైతుండె." పట్టుకునే రోజు రెండు జీపులు రెండు వైపుల నుంచి వచ్చాయట: ఒకటి పోలీసులది, ఒకటి రాగి కంపెనీ కబురందిన కార్ఖానాది. కార్ఖానా కాపలావాళ్లు పోలీసుల మనిషిని చావబాదారు. పోలీసులు ఈయన్ను బాదారు. దళారీ తన గుర్తింపు కాగితం వెతుక్కుంటూ ప్యాంటు కూడా విప్పేశాడు. సేటు పెళ్లికని వెళ్లి తప్పించుకున్నాడు.

నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ తర్వాత నాలుగో మనిషి గురించి చెప్పారు.

వాడు హమాలీ. మోయడం తప్ప మరేమీ తెలియదు. అందరూ పెనుగులాడుతుంటే, దించమని ఎవరూ చెప్పలేదని రాగిచుట్ట భుజాన పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. శిక్ష పడింది వాడొక్కడికే. అంతకు వారం ముందే, "నాతోని కాదు మేస్త్రీ, పిల్లలున్నరు, ఇగ రాను" అన్నాడట.

"సరుకుతోని దొరకాలంటే మోసేటోడు ఉండాలె గద. ఈ ఒక్కపారి రా అని గడ్డం పట్టుకొని బతిలాడింది నేనే."

హమాలీ రెండో ఏడు జైల్లోనే క్షయతో పోయాడు. ఆ కబురు విని మేస్త్రీ వాడి భార్య దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశారు. ఆమె రొట్టెలు కాలుస్తూ చివరిదాకా విన్నది. "నువ్వు గూడ దొంగవే అనుకున్న. దొంగవైనా బాగుండు" అన్నది. అంతే, మరో రొట్టె పెనం మీద వేసిందట.

అప్పటికి నేను పర్మినెంట్ అయ్యాను. "ఇప్పుడు రాసిస్తాను మేస్త్రీ గారూ" అన్నాను.

"ఎందుకు తమ్మీ? నేను దొంగను కాదని తేలితె, వాణ్ని సంపింది ఎవరో గూడ తేలుతది. ఉండనియ్యి."

ఆ తర్వాత ఆయన ఊళ్లోనే మోటారు పంపులు బాగుచేసుకుంటూ బతికారు. దొంగ అని పిలిస్తే పలికేవారు. నేను వెళ్లినప్పుడల్లా ముందు నా చేతులు తిరగేసి చూసి, తర్వాత కూర్చోమనేవారు. పోయిన చలికాలం నుంచి దగ్గు పట్టుకుంది. ఆస్పత్రికి రమ్మంటే రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం సగం పూట సెలవడిగి నేను చేరేసరికి చితి అంటించారు. భార్య, అల్లుడు, ఇద్దరు ఊరివాళ్లు. పచ్చి కట్టెలు కావడంతో పొగ ఎక్కువై రోడ్డు మీదికి మళ్లింది. రెండో షిఫ్టుకు వెళ్లేవాళ్ల సైకిళ్లు బారుగా వస్తున్నాయి. అందులో ఆయన పని నేర్పినవాళ్లు ఆరుగురున్నారు. తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలలు వంచి, పొగలోంచి జోరుగా తొక్కుకుంటూ కార్ఖానా వైపు వెళ్లిపోయారు.