పోశవ్వకు చివరి పేజీలు ఎవరు చదివారు?

దయ్యాల నవలలు నేను చదివినన్ని మా కామాటిపుర తెలుగువాళ్ళలో ఇంకెవరూ చదివుండరు. అయినా దయ్యాలున్నాయని ఒక్కనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళను ఆటపట్టించేదాన్ని కూడా. ముందే చెబుతున్నాను, ఇది పిరికిదాని మాట కాదు.

ఎనభైల మొదట్లో మధ్యాహ్నం పూట మా చాల్‌లో, వరుసగా ఉండే ఒంటిగది ఖోలీల ముందున్న గ్యాలరీలో ఆడవాళ్ళంతా బీడీలు చుట్టేవారు. నేను చుట్టేదాన్ని కాదు, నవల చదివి వినిపించేదాన్ని. నా వంతు బీడీలు వాళ్ళే తలా కొన్ని చుట్టిపెట్టేవారు. ఏ నవల బాగుందో చెప్పే పెత్తనం కూడా నాదే. మంత్రగాళ్ళు, వేరే గ్రహాల మనుషులు, చచ్చి తిరిగొచ్చిన కోడళ్ళు... అద్దె పుస్తకాల షాపులోకి కొత్తది ఏదొచ్చినా ముందు నా చేతిలో పడాల్సిందే.

"గా పాడు కితాబులెందుకు? పురాణం సదువరాదా?" అనేవారు పెద్దలు.

"పురాణంల రాక్షసులు లేరా?" అనేదాన్ని.

పక్క ఖోలీ పోశవ్వకు అక్షరం రాదు. కానీ కథకు ఊఁ కొట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె కళ్ళకు ఆపరేషన్ చేసి, రెండింటికీ కట్టు కట్టి, కదలకుండా పడుకోమని ఇంటికి పంపారు. నేను నవల పట్టుకుని వెళితే కొడుకు మల్లేశ్ గుమ్మంలోనే ఆపాడు.

"అక్కా, దయ్యాల కితాబులు అమ్మకు సదువకు. ఉలిక్కిపడి కండ్లు పోతే జిమ్మేదారి నీదే."

నాకు ఒళ్ళు మండింది. అంతలో లోపలి నుంచి పోశవ్వ అరిచింది. "వాని మాట ఇనకు బిడ్డా! గీ చీకట్ల పండి పండి పిచ్చి లేస్తున్నది. నువ్వు సదువు."

చదివాను. సముద్రం ఒడ్డున దీపస్తంభం, దానికో కాపలావాడు. అమావాస్యకొకసారి నీళ్ళలోంచి ఒక ఆడమనిషి వచ్చి దీపం ఆర్పమంటుంది. వాడు ఆర్పడు. చివరికొక రోజు దీపం దానంతటదే ఆరిపోతుంది. ఆర్పిందెవరు? సరిగ్గా అక్కడ పేజీలు లేవు. ఏ పుణ్యాత్ముడో చింపేశాడు. మర్నాడు పొద్దున్నే ఇంకో కాపీ కోసం దాదర్ దాకా పోయాను. దొరకలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పోశవ్వ మహా సంతోషంగా ఉంది. "మంచిగ సదివినవ్ బిడ్డా. దీపం ఆర్పింది వాని తల్లేనా! నేననుకోనే లేదు."

నేను చదవలేదే అన్నాను.

"మజాక్ చేస్తున్నవా? పొద్దుగాల అచ్చి ఈడనే కూసుంటివి గద."

మా చాల్ పిల్లలంతా మరాఠీ బడికి పోయేవారు. తెలుగు చదవగల ఆడది నేనొక్కదాన్నే. అందుకే ఆ గొంతు నాదే అనుకుంది. మల్లేశ్ ముఖం పాలిపోయింది. నన్ను రానివ్వకూడదని ఆ రోజు పనికి కూడా పోకుండా గుమ్మంలోనే కూర్చున్నాడట.

"ఎవ్వలు రాలే అక్కా. అమ్మ మాత్రం ఊఁ కొడ్తనే ఉన్నది. కల గంటున్నదనుకున్న."

ఈ సంగతి చాల్ అంతా పాకింది. ఆ ముసలిదానికి చూపు రాకపోతే నా పుస్తకమే మింగిందంటారు, ఇక నేను గ్యాలరీలో నోరెత్తలేను. కట్టు విప్పే దాకా నాకు అన్నం సయించలేదు. విప్పారు. చూపు శుభ్రంగా వచ్చింది. నన్ను చూడగానే "గింత బక్కగైనవేందే?" అంది.

తర్వాత పూర్తి కాపీ షాపుకు వచ్చింది. మల్లేశ్‌ను కూడా కూర్చోబెట్టి అందరి ముందూ చివరి పేజీలు తీశాను. దీపం ఆర్పింది వాడి తల్లే. ఆ వాక్యం రెండుసార్లు చదివాను, కాదనను. బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి.

పోశవ్వ మాత్రం పెదవి విరిచింది. "ఆమె ఎవరో గాని, నీకన్న మంచిగ సదివింది."

కలన్నారు, ఊహించి చెప్పిందన్నారు. ఏదీ నాకు అతకలేదు. "ఇగ బంద్ చెయ్ అక్కా" అన్నాడు మల్లేశ్. మర్నాడే ఇంకో దయ్యాల నవల తెచ్చి అదే గ్యాలరీలో చదివాను.

అదేమిటో ఈనాటికీ చెప్పలేను. భయమంటారా, లేదు. రోషం ఉంది. ఏళ్ళ తరబడి గొంతు బొంగురుపోయేలా చదివింది నేను. ఆవిడెవరో గానీ, చాటుగా కాదు, నా ఎదురుగా వచ్చి కూర్చుని చదవమనండి. నేనూ వింటాను.