నగోనా కట్టతో వచ్చిన టీచరమ్మ

తెలిసినవాడు చెప్పాలి, తెలియనివాడు నోరు మూసుకోవాలి అని లోకం అంటుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. సింహాద్రమ్మ టీచరు తన బతుకులో ఎక్కువ భాగం ఆ మాట మీదే నిలబడింది. ఆమె మనవరాలు శలేష్నికి మాత్రం ఆజీ, అంటే నాయనమ్మ, తలపుకు వచ్చినప్పుడల్లా ఆ మాట నిలవని ఒక డిసెంబరు నెలే ముందు గుర్తుకొస్తుంది.

సముద్రాల అవతలి దీవిలో, లంబాసా చెరకు తోటల మధ్య ఉన్న రేకుల బడిలో పాఠాలు చెప్పడానికి సింహాద్రమ్మ పెళ్ళైన కొత్తలో భర్తతో కలిసి విజయనగరం నుంచి ఓడలో వచ్చింది. కొంతకాలం ఉండి తిరిగి వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. భర్త జ్వరంతో పోయాడు. ఆయన బూడిదను ఏట్లో కలిపి వచ్చిన మర్నాడు ఆమె బడికి వెళ్ళింది. తర్వాత ఎవరూ ఆమె నోట ఓడ మాట వినలేదు. కొడుకును చెరకు రైతును చేసింది. అతని కూతురు శలేష్నిని తన బడిలోనే టీచరును చేసింది.

ఎవరు ఏ సంగతి మోసుకొచ్చినా సింహాద్రమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే. "నువ్వు చూశావా, విన్నావా?" విన్నానంటే ఇక ఆ సంగతి ముగిసినట్టే. సీమపనస విరగకాస్తే పెద్దగాలి వస్తుందని ఒకప్పుడు బిసేసర్ అనే పిల్లవాడు తరగతిలో అన్నాడు. ఆమె అతన్ని బడి ముందున్న సీమపనస చెట్టు పక్కనే ఎండలో నిలబెట్టింది. ఆ ఏడు గాలి రాలేదు. టీచరమ్మ మాటే నిజమైందని ఊరు ఒప్పుకుంది. బిసేసర్ మరిచిపోలేదు. పెద్దవాడై బడి కమిటీకి అధ్యక్షుడయ్యాక కూడా ఆ చెట్టు కింద నుంచి వెళ్ళేటప్పుడు తల మీద తువ్వాలు కప్పుకుని అందరినీ నవ్వించేవాడు.

శలేష్ని ఉద్యోగంలో చేరిన మొదటి ఏటి డిసెంబరు అది. సెలవులకు బడి మూసేముందు పిల్లలను ఏటి మొగకు అవతలి చిన్న దీవికి ఇంజను పడవల్లో వనభోజనానికి తీసుకెళ్ళాలని ఆమె కోరిక. కమిటీ ఒప్పుకుంది. శనివారం నిర్ణయమైంది. పిల్లలు వారం ముందునుంచే ఈత బట్టలు సంచుల్లో సర్దుకున్నారు.

ఆ వారం గాలి ఆడలేదు. చెరకు మిల్లు పొగ నిలువుగా లేచి, కొంత ఎత్తున ఆగిపోయి, అక్కడే వేలాడింది. సముద్రం నూనె పోసినట్టు మెరిసింది. పెరటి సీమపనస కాయల బరువుకు ఒక కొమ్మ విరిగి కోళ్ళ గూటి మీద పడింది. ఎండ్రకాయలు ఇవ్వడానికి వచ్చిన ఆ దీవి మూలవాసి, పొరుగూరి లితియా మందార కంచె దగ్గర ఆగి వంగి చూసింది. మోకాలెత్తున, ఆకుల చాటున, కందిరీగలు గూడు కట్టాయి.

"ఏటా పైన కట్టేవి. ఈసారి కిందికి దిగాయి, పెద్దగాలి వస్తుంది, మరమా," అంది. పెద్దింటి ఆడదాన్ని వాళ్ళు పిలిచే పిలుపు అది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మీ కళ్ళెదుటే ఉంది."

లితియా వెళ్ళిపోయాక సింహాద్రమ్మ చాలాసేపు ఆ కంచె దగ్గరే నిలబడి ఉండడం శలేష్ని వంటింటి కిటికీలోంచి చూసింది. అల్పపీడనం ఎక్కడో ఉత్తరాన ఉందనీ, మనవైపు రాదనీ రేడియో చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం రొట్టెలు కాలుస్తూ ఆజీ ఉన్నట్టుండి అంది. "రేపటి ప్రయాణం మానుకోవే."

"ఎందుకు ఆజీ?"

"ఎందుకో చెప్పలేను."

శలేష్నికి ఒళ్ళు మండింది. "కందిరీగల కోసమా? గాలి వస్తుందని నువ్వు చూశావా, విన్నావా?"

సింహాద్రమ్మ పెనం మీద రొట్టె మాడిపోతున్నా తీయలేదు. మనవరాలికి భయం వేసింది. ఆజీ చేతిలో రొట్టె మాడడం ఆమె అంతకుముందు చూడలేదు.

"పడవలు కమిటీ మాట్లాడింది. నా చేతిలో ఏముంది? బిసేసర్ చాచాను అడుగు," అంది శలేష్ని గొంతు తగ్గించి.

ఆ ఊళ్ళో పెద్ద కోరిక ఏదైనా నగోనా అనే మొక్క వేళ్ళ కట్ట ముందుపెట్టి అడుగుతారు. ఎదుటివాడు కట్ట అందుకుంటే కోరిక ఒప్పుకున్నట్టే, ఇక మాట తిప్పడానికి లేదు. లితియా వాళ్ళ ఆచారం ఇది. చెరకు రైతులు ఏనాడో దాన్ని తమది చేసుకున్నారు. ఆ వేళ్ళు దంచి కలిపిన పానీయాన్ని సింహాద్రమ్మ బురదనీళ్ళనేది. మగవాళ్ళు దాని చుట్టూ కూర్చునే పాక వైపు తల తిప్పి కూడా చూసేది కాదు. ఆ సాయంత్రం కట్ట కొని, చంకన పెట్టుకుని, ఆ పాకకే వెళ్ళింది. శలేష్ని వెంట నడిచింది.

"టీచర్‌జీ, బురదనీళ్ళు రుచి చూద్దామనా?" అన్నాడు ఒకడు. చాప మీద నవ్వులు లేచాయి.

బిసేసర్ గబుక్కున లేచాడు. ముసలామె చేతిలో బరువు అందుకోవాలని మర్యాదగా చెయ్యి చాచాడు. ఆ చెయ్యి కట్టకు తగిలితే చాలు, పని అయిపోయేది.

సింహాద్రమ్మ కట్టను వెనక్కి లాక్కుంది. "ముట్టుకోకు. ముందు విను."

చాప మీద నవ్వులు ఆగాయి.

"రేపు పిల్లలను నీళ్ళ మీదికి పంపొద్దు. కందిరీగలు కిందికి దిగాయి. సీమపనస విరగకాసింది. వాటికీ గాలికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది, అంతే."

"ఈ మాటన్నందుకే కదండీ నన్ను ఎండలో మాడ్చారు," అన్నాడు బిసేసర్. గొంతులో వేళాకోళం లేదు.

"అవును."

"ఆ ఏడు గాలి రాలేదు."

"రాలేదు. రేపూ రాకపోవచ్చు."

"అయితే రేపు టీచర్‌జీని చెట్టు కింద నిలబెడదాం, బాకీ తీరిపోతుంది," అన్నాడు ఇందాకటి మనిషి.

"నిలబెట్టండి," అంది ఆమె. కట్టను చాప మీద ఉంచి, దానికి ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు సహకరించక శలేష్ని పట్టుకోవలసి వచ్చింది.

బిసేసర్ అరచేతులు డొప్పలుగా మలిచి, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి, రెండు చేతులతో కట్టను ఎత్తుకున్నాడు.

శనివారం తెల్లవారింది. ఆకాశంలో మరక లేదు. పిల్లలు ఏడ్చారు. "కందిరీగలు ఇవాళ బడికొచ్చాయా, టీచర్?" అని తల్లులు శలేష్నిని దెప్పారు. సింహాద్రమ్మ పొద్దున్నే వెళ్ళి బడి ముందున్న సీమపనస చెట్టు పక్కన, నీడ పడని చోట నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు. బిసేసర్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

మధ్యాహ్నం దాటాక మిల్లు పొగ ఒక్కసారి పక్కకు వంగింది. ఏటి మొగ దగ్గర నీళ్ళు సీసం రంగుకు తిరిగాయి. రేడియో తుపానని పేరు పెట్టేంత గాలి కాదది. అయినా పాక కప్పు లేచి చెరకులో పడింది. సాయంత్రానికి దీవి ఇసుక నీళ్ళ కింద ఉంది. రేవులో కట్టిన పడవల్లో ఒకటి మర్నాడు మడ చెట్ల మధ్య బోర్లా దొరికింది.

ఆ తర్వాత ఊరు ఆమెను వదల్లేదు. నాట్లు ఎప్పుడు వెయ్యాలి, పెళ్ళి ఏ నెలలో పెట్టాలి అని అడగడానికి వచ్చేవాళ్ళు. టీచర్‌జీకి ముందే కనపడుతుందని పిల్లలకు కథలు చెప్పారు. ఆ కథ ఆమెకు గాలికంటే ఎక్కువ కలవరం కలిగించిందని శలేష్ని నమ్మకం.

"మీరన్నదే జరిగింది కదా, ఒప్పుకుంటే పోయేదేముంది?" అన్నాడు బిసేసర్ ఒకసారి.

"జరిగింది. తెలిసి మాత్రం అనలేదు. తెలుసని పిల్లలకు చెప్పావంటే మళ్ళీ ఎండలో నిలబెడతాను."

సింహాద్రమ్మ ఎంచుకున్నది ఇంతే. తనకు తెలియదని అందరి ముందూ చెప్పి, అయినా పిల్లలను ఆపమని అడిగింది. గాలి వచ్చాక కూడా తెలియదనే చెప్పింది. పోయేదాకా ఆ మాట మార్చలేదు.